ఉలవలు, గురివిందలు, మన రక్తం

కిందటి నెల ఈ శీర్షికలో వేసవిలో వచ్చే మూత్రపిండాల రాళ్ళ గురించి రాశాను. ఈ నెల విటమిన్ డి గురించి రాద్దామని కూర్చున్నాను గాని, ఈలోగా మన సభ్యుల ఇళ్ళ నుంచి మూడు ప్రశ్నలు వచ్చాయి. మూడింటికీ పైకి ఏమీ సంబంధం లేదు. లోపల మాత్రం మూడూ ఒకటే. అంచేత విటమిన్ డి ఒక నెల ఆగుతుంది.

ఒక సోదరి అడిగారు: "డాక్టరుగారూ, మా అమ్మాయికి రెండు నెలలనుంచీ కందిపప్పు, చిక్కుడుకాయ, టమాటా మానిపించానండీ. వీటిలో లెక్టిన్ అని ఏదో విషం వుందిట. మంచి పనే చేశానా?" పిల్లకు తొమ్మిదేళ్ళు. శాకాహారుల ఇల్లు. పప్పు పోయాక ఆ పిల్ల కంచంలో మిగిలింది అన్నం, పెరుగు, బంగాళాదుంప వేపుడు.

రెండవది, ఇక్కడ మలాజ్ లోనే ఒక గదిలో వుంటున్న నలుగురు కుర్రవాళ్ళ సంగతి. స్లో కుక్కర్ లో రాజ్మా వేసి, పొద్దున డ్యూటీకి పోయి, రాత్రి వచ్చి తిన్నారు. రెండు గంటలు తిరగకుండా నలుగురికీ వాంతులు, ఆ తరువాత విరేచనాలు. నూనె మంచిది కాదని ఒకరు, ట్యాంకు నీళ్ళు మంచివి కావని ఒకరు అన్నారు. తెల్లవారేసరికి నలుగురూ లేచి తిరుగుతున్నారు.

మూడవ వారు ఆపరేషనుకు ముందు రక్తపరీక్ష చేయించుకున్న పెద్దమనిషి. ఇన్నాళ్ళూ తనది ఎ గ్రూపు అనుకుంటున్నారు. చీటీ మీద ఎ2 అని వచ్చింది. "ఇందులో కూడా ఒకటో రకం, రెండో రకం వున్నాయా? నాది నాసిరకమా?" అని కొంచెం నొచ్చుకున్నట్టే అడిగారు.

మూడింటిలోనూ వున్నది లెక్టిన్. లెక్టిన్లంటే చక్కెరలను పట్టుకునే ప్రోటీన్లు. ఇక్కడ చక్కెర అంటే కాఫీలో వేసుకునేది అనుకోకండి. మన శరీరంలోని ప్రతి జీవకణానికీ పైన సన్నని నూగులాగా చక్కెర గొలుసులుంటాయి. గెలాక్టోజు, మానోజు, ఫ్యూకోజు వంటి చిన్న చక్కెరలు ఒకదానికొకటి కలిసి ఆ గొలుసులవుతాయి. లెక్టిన్ ఆ గొలుసు కొసను పట్టుకుంటుంది. ఏది పడితే అది పట్టుకోదు. ఒక్కొక్క లెక్టిన్ కు ఒక్కొక్క చక్కెర మీదే మోజు. పల్లెటూళ్ళో పొలం గట్టున నడిస్తే ఉత్తరేణి గింజలు పంచెకు అంటుకుంటాయి చూడండి, అలా అంటుకుంటుంది. తేడా ఏమిటంటే లెక్టిన్ కు రెండో, నాలుగో చేతులుంటాయి. ఒక చేత్తో ఒక కణాన్ని, మరో చేత్తో పక్క కణాన్ని పట్టుకుంటే రెండూ అతుక్కుపోతాయి. అలా లక్షల కణాలు అతుక్కుంటే కంటికి కనిపించే గుత్తులవుతాయి. ఇది రక్తం గడ్డకట్టడం కాదు. అది వేరే వ్యవహారం. ఇక్కడ కణాలు ద్రాక్షగుత్తుల్లాగా కూడుకోవడమే జరుగుతుంది.

మొక్కకు ఇవి ఎందుకు? ముఖ్యంగా ఆత్మరక్షణకు. గింజను తిన్న పురుగు పేగులలో కూడా చక్కెర గొలుసులుంటాయి. లెక్టిన్ వాటిని పట్టుకుంటే పురుగు తిండి అరగక చస్తుంది, లేదా ఆ గింజ జోలికి మళ్ళీ రాదు. పారిపోవడానికి కాళ్ళు లేని ప్రాణికి ఇంతకంటే మంచి ఉపాయం ఏముంటుంది?

ఇక ఎ2 పెద్దమనిషి ప్రశ్నకు జవాబు మన ఉలవల్లో వుంది. మాటవరసకు అనడం లేదు, నిజంగానే వుంది.

ఎర్ర రక్తకణం మీది చక్కెర గొలుసు చివర ఏముందన్నదాన్ని బట్టి రక్తం గ్రూపు ఏర్పడుతుంది. ఓ గ్రూపు వారిలో హెచ్ అనే మూలపు గొలుసు ఒక్కటే వుంటుంది. దాని కొసన ఎన్-ఎసిటైల్ గెలాక్టోజమైన్ అనే చక్కెర చేరితే ఎ, ఉత్త గెలాక్టోజు చేరితే బి, రెండు రకాలూ వుంటే ఎబి. మన గ్రూపుల భేదమంతా ఆ చివరి ఒక్క పూస భేదమే. ఎ గ్రూపు వారిలో కూడా కొందరికి ఈ ఎ పూస దండిగా, ఒక్కొక్క కణం మీద సుమారు పది లక్షల చోట్ల వుంటుంది. వారు ఎ1. కొందరికి అందులో నాలుగో వంతే వుంటుంది. వారు ఎ2. ఇందులో నాసిరకమేమీ లేదు. ఆయుర్దాయానికీ దీనికీ సంబంధం లేదు.

ఈ రెండింటినీ విడదీయడం ఎలా? 1951లో జి.డబ్ల్యు.జి. బర్డ్ అనే డాక్టరు మన దేశంలో పనిచేస్తూ, ఉలవలను నలగ్గొట్టి ఉప్పునీటిలో నానబెట్టి తీసిన రసం ఎ గ్రూపు కణాలను గుత్తులు కట్టిస్తుందని బెంగుళూరు నుంచి వెలువడే కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించాడు. ఆ రసాన్ని తగినంత పలచన చేస్తే ఎ1 కణాలను మాత్రమే పట్టుకుంటుంది, ఎ2 కణాలను వదిలేస్తుంది. పలక మీద ఒక చుక్క రక్తకణాలు, ఒక చుక్క ఉలవరసం వేసి కలిపితే రెండు నిమిషాలలో తేలిపోతుంది. ఈనాటికీ ప్రపంచమంతటా బ్లడ్ బ్యాంకులలో వాడే ఎ1 లెక్టిన్ ఈ ఉలవల నుంచి తీసినదే. సీసా మీద డాలికోస్ బైఫ్లోరస్ అని వుంటుంది. మన బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ లో ఆ సీసా చూసినప్పుడల్లా, మన ఎడ్ల దాణా ఎంత దూరం వచ్చిందా అనిపిస్తుంది నాకు.

ఇది తెలిసినందువల్ల ప్రయోజనం ఏమిటంటారా? ఎ2 వారిలో కొద్దిమందికి, ఎ2బి వారిలో ఇంకా కొంచెం ఎక్కువ మందికి, ఎ1 కణాలకు వ్యతిరేకమైన పదార్థం రక్తంలో వుంటుంది. చాలామందిలో అది చల్లదనంలోనే పనిచేస్తుంది కాబట్టి హాని చెయ్యదు. దేహపు వేడి దగ్గర కూడా పనిచేసేదైతే వారికి ఎ2 రక్తమో, ఓ రక్తమో చూసి ఎక్కించాలి. మూత్రపిండాల మార్పిడిలో ఇంకో లాభం వుంది. ఎ2 దాత కణాల మీద ఎ పూసలు తక్కువ కాబట్టి, తగిన పరీక్షలు చేసి, ఆ మూత్రపిండాన్ని కొందరు బి గ్రూపు రోగులకు అమర్చవచ్చు. అమెరికాలో 2014 నుంచీ కేటాయింపు నియమాలలోనే దీనికి చోటిచ్చారు. కాబట్టి మా పెద్దమనిషికి చెప్పాను, "మీది ఎక్కువమందికి పనికొచ్చే రకమండీ" అని. కొంచెం కుదుటపడ్డారు.

గ్రూపుల మాట వచ్చింది గనుక బొంబాయి గ్రూపు గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. 1952లో బొంబాయిలో డాక్టర్ వై.ఎం. భెండె, ఆయన సహచరులు ముగ్గురు మనుషులలో దీన్ని గుర్తించారు. వీరికి ఎ, బి లే కాదు, మూలమైన హెచ్ గొలుసు కూడా వుండదు. మామూలు పరీక్షలో ఓ అనే తేలుతుంది. కాని ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం. వీరికి వీరి గ్రూపు రక్తమే సరిపోతుంది. మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికి వుంటుందని లెక్క. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే గాని బయటపడదు. అంచేత మేనరికాలు చేసుకునే మన కుటుంబాలలో ఈ సంగతి కొంచెం జ్ఞాపకం వుంచుకోవాలి. దీన్ని పట్టి ఇచ్చేది కూడా ఒక మొక్క లెక్టినే. యూలెక్స్ అనే పచ్చపూల ముళ్ళపొద గింజలది. పుట్టిల్లు ఐరోపా అయినా ఊటీ కొండల మీద ఇప్పుడు విచ్చలవిడిగా పెరుగుతోంది. ఓ కణాలను అది గుత్తులు కట్టిస్తుంది, బొంబాయి కణాలను ముట్టుకోదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ గ్రూపు అని తేలితే తోబుట్టువులందరికీ పరీక్ష చేయించండి. అవసరానికి రక్తం దొరికే మొదటి చోటు అదే.

లెక్టిన్ అనే పేరు 1954లో విలియం బాయిడ్, ఎలిజబెత్ షేప్లీ అనే ఇద్దరు అమెరికను శాస్త్రజ్ఞులు పెట్టారు. లాటిన్ లో ఎన్నుకోవడం అనే అర్థమున్న ధాతువు నుంచి తీశారు. పేరు అప్పటిదైనా సంగతి పాతది. 1888లో స్టిల్మార్క్ అనే వైద్య విద్యార్థి, ఈనాటి ఎస్టోనియాలోని టార్టూ విశ్వవిద్యాలయంలో, ఆముదపు గింజల రసం రక్తకణాలను గుత్తులు కట్టించడం చూశాడు. దానికి రిసిన్ అని పేరు. మూడేళ్ళ తరువాత పాల్ ఎర్లిక్ చుంచెలుకలకు ఆముదపు గింజల విషాన్ని, గురివింద విషాన్ని రవ్వంత మొదలుకొని పెంచుకుంటూ పోయి చూశాడు. రిసిన్ కు అలవాటు పడ్డ ఎలుక రిసిన్ ను తట్టుకుంటుంది గాని గురివింద విషానికి చచ్చిపోతుంది. శరీరం ఏ శత్రువుకు ఆ శత్రువునే విడిగా గుర్తుపెట్టుకుంటుందన్న రోగనిరోధక శాస్త్రపు మొదటి పాఠాలు ఇలా వచ్చాయి. 1960లో నోవెల్ అనే ఆయన రాజ్మా లెక్టిన్ తగిలితే నిద్రపోతున్న తెల్లకణాలు లేచి విభజన చెందుతాయని కనిపెట్టాడు. అప్పటినుంచీ ఒక చెమ్చా రక్తంతో క్రోమోజోములు లెక్కపెట్టడం వీలయింది. పుట్టిన బిడ్డకు డౌన్ లక్షణం వుందా అన్నది నిర్ధారించే పరీక్షలో ఈనాటికీ ఆ రాజ్మా సారమే వేస్తారు.

అదే రాజ్మా మన కుర్రవాళ్ళను కూలదోసింది. అన్ని పప్పుగింజలలోకీ ఎర్ర రాజ్మాలో, ఇక్కడి కొట్లలో ఫాసూలియా అనే దాంట్లో, లెక్టిన్ చాలా ఎక్కువ. దాన్ని కొలిచే ప్రమాణాలలో చెప్పాలంటే పచ్చి గింజలలో 20,000 నుంచి 70,000 వుంటుంది. బాగా ఉడికిన తరువాత 200 నుంచి 400 మిగులుతుంది. నాలుగైదు పచ్చి గింజలు నమిలినా చాలు, ఒకటి నుంచి మూడు గంటలలో తీవ్రమైన వాంతులు, తరువాత విరేచనాలు. సాధారణంగా మూడు నాలుగు గంటలలో దానంతటదే తగ్గుతుంది. మందు ఏమీ లేదు, నీళ్ళు, లవణాలు పోనివ్వకుండా చూసుకోవడమే. పసిపిల్లలు, ముసలివారు అయితే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

స్లో కుక్కర్ లోపలి వేడి కొన్ని రకాలలో 75, 80 డిగ్రీలు దాటదు. ఆ వేడికి గింజ మెత్తబడుతుంది, లెక్టిన్ చావదు. పైగా 80 డిగ్రీల దగ్గర ఉడికించిన గింజ పచ్చి గింజ కంటే అయిదు రెట్లు ఎక్కువ ప్రమాదకరం కావచ్చునని తేలింది. చేతితో నొక్కితే మెత్తగానే వుంటుంది, అదే మోసం. చెయ్యవలసింది కష్టమేమీ కాదు. రాత్రి నానబెట్టండి, కనీసం అయిదు గంటలు. ఆ నీళ్ళు పారబోయండి. కొత్త నీళ్ళలో తెర్లకాగేటట్టు అరగంట ఉడికించండి, లేదా ప్రెషర్ కుక్కర్ లో పెట్టండి. ఆ తరువాత మీ స్లో కుక్కర్ లో రోజంతా వుంచుకోండి, అభ్యంతరం లేదు. రియాద్ సముద్రమట్టానికి 600 మీటర్ల ఎత్తున వుంది కాబట్టి నీళ్ళు ఇక్కడ 98 డిగ్రీలకే కాగుతాయి. దానికి భయపడనక్కరలేదు, ఆ వేడి చాలు. డబ్బాలో వచ్చే రాజ్మా ముందే ఉడికించినది కనుక చింత లేదు. రాజ్మా మొలకలు మాత్రం పచ్చివి తినకండి. పెసల మొలకల సంగతి వేరు, వాటిలో లెక్టిన్ బహు స్వల్పం. ఉలవల మొలకలు ఆవిరి పట్టి తినడం మంచిదని నా అభిప్రాయం.

ఇంతకూ ఉలవచారు తింటే ఏమవుతుందని కొందరికి అనుమానం రావచ్చు. ఏమీ కాదు. కృష్ణా, గుంటూరు జిల్లాలలో ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టి, ఆ నీటిని గంటల తరబడి మరగబెట్టి చేసే చారులో ఏ లెక్టిన్ మిగలదు. బ్లడ్ బ్యాంకు వారికి కావలసింది పచ్చి ఉలవ రసం. మనకు కావలసింది మరిగిన ఉలవ రసం. మన ముత్తవ్వలకు లెక్టిన్ పేరు తెలియదు గాని, గింజను నానబెట్టి, నీళ్ళు వంచి, మెత్తగా ఉడికించాలని తెలుసు.

ఇప్పుడు మొదటి సోదరి మాట. ఫోనులలో తిరిగే ఈ భయానికి మూలాలు వెతికితే, 2017లో అమెరికాలో వెలువడిన ఒక పుస్తకం కనిపిస్తుంది. అంతకుముందు 1996లో వచ్చిన మరో పుస్తకం, లెక్టిన్లు రక్తం గ్రూపులను బట్టి అంటుకుంటాయి కాబట్టి గ్రూపును బట్టి తిండి తినాలని చెప్పింది. పలక మీద ఉలవరసం చేసే పని చూసి కడుపులో చారు కూడా అదే చేస్తుందనుకోవడం లాంటిది ఇది. 2014లో టొరంటో విశ్వవిద్యాలయం వారు 1,455 మందిని పరిశీలించి, ఆ పథ్యాలలో కొన్నింటి వల్ల మేలు కనిపించినా దానికీ గ్రూపుకూ ఏ సంబంధమూ లేదని తేల్చారు. కూరగాయలు ఎక్కువ తింటే ఏ గ్రూపు వారికైనా మంచిదే కదా!

కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పులలో లెక్టిన్ అసలే తక్కువ. ఉన్న కాస్తా మన కుక్కరు మూడు కూతలకు పోతుంది. టమాటాలో లెక్టిన్ వున్న మాట నిజం, పచ్చిదే తింటాము, అయినా ఎవరికీ హాని చేసిన దాఖలా లేదు. లెక్టిన్ అనే పేరున్నంత మాత్రాన విషం కాదు. ఏ చక్కెరను, ఎంత గట్టిగా పట్టుకుంటుంది, ఉడికితే నిలుస్తుందా అన్నవి చూడాలి. చిక్కుడు గింజల లెక్టిన్ ను హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నడింపల్లి శివకుమార్ గారి బృందం శుద్ధి చేసి 2006లో ప్రకటించింది. అక్కడే ఆచార్య ఎం.జె. స్వామి గారు పొట్ల గింజల లెక్టిన్ల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. పనస లెక్టిన్ ఆకృతిని 1996లో బెంగుళూరులో ఎం. విజయన్ గారి ప్రయోగశాల బయటపెట్టింది. ఆ పనిలో ముందున్న ఆర్. శంకరనారాయణన్ గారు తరువాత హైదరాబాదు సీసీఎంబీలో చేరారు. మన పెరట్లో పాకే తీగలలో లెక్టిన్ లేనిది వెతకడం కష్టం. వాటన్నిటినీ మానేస్తే మనకు మిగిలేది పంచదార, నూనె.

వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రోటీన్ వుంది. మాంసం, చేప, గుడ్డు ముట్టని ఇంట్లో ఎదిగే పిల్లకు దానిని ఆపితే, ఆ లోటు పెరుగు ఒక్కటే పూడ్చలేదు. ఆ తల్లిగారికి పిల్ల బరువు, ఎత్తు కొలిచి చూపించి, ఆ సాయంత్రమే పప్పు వండమని చెప్పాను. చెప్పింది చేశారనే అనుకుంటున్నాను.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. మన పిల్లలు ఇక్కడి ఫూల్ కూడా ఇష్టంగా తింటున్నారు. ఆ బాకలా గింజలలో లెక్టిన్ ఎర్ర రాజ్మాలో పదో వంతుకు మించదు. కాని జి-సిక్స్-పి-డి అనే ఎంజైము లోపం వున్నవారికి ఈ గింజలు ఎర్రకణాలను పగలగొట్టి కామెర్లు, రక్తహీనత తెస్తాయి. దానికి కారణం వైసిన్, కాన్వైసిన్ అనే వేరే పదార్థాలు, లెక్టిన్ కాదు. ఎంత ఉడికించినా ఆ భయం పోదు. సౌదీ తూర్పు ప్రాంతంలో ఈ లోపం బాగా ఎక్కువ, మనలోనూ లేకపోలేదు. మగపిల్లలలో ఎక్కువగా బయటపడుతుంది. ఫూల్ తిన్న ఒకటి రెండు రోజులకు పిల్లవాడు పాలిపోయి, మూత్రం కోకా కోలా రంగులో వస్తే ఆలస్యం చెయ్యకండి.

ఉడికించినా, ఉడికించకపోయినా అసలు జోలికి పోకూడనివి రెండున్నాయి. ఒకటి ఆముదపు గింజ. మహబూబ్ నగర్, నల్గొండ జిల్లాల వారికి ఈ పంట గురించి నేను చెప్పనక్కరలేదు. రిసిన్ అణువుకు రెండు భాగాలు. ఒకటి గెలాక్టోజును పట్టుకుని కణం తలుపు తీయిస్తుంది. రెండవది లోపలికి దూరి ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములను నిమిషానికి సుమారు 1,500 చొప్పున పాడుచేస్తుంది. 1978లో లండన్ లో మార్కోవ్ అనే బల్గేరియా రచయితను గొడుగు మొనతో పొడిచి చంపింది ఈ విషంతోనే. ఆముదం నూనెలో మాత్రం రిసిన్ వుండదు, అది నూనెలో కరగదు, పిప్పిలో వుండిపోతుంది. కాబట్టి బామ్మగారు పట్టించిన ఆముదానికి వంక పెట్టకండి, దాని రుచికి తప్ప.

రెండవది గురివింద. కంసాలి తక్కెడలో తూనికగా వున్నన్నాళ్ళూ ఎవరినీ ఏమీ అనలేదు. దాని ఏబ్రిన్ రిసిన్ కంటే తీవ్రమైనది. మెడికల్ కాలేజీలో ఫోరెన్సిక్ పాఠంలో మాకు చెప్పేవారు, గురివింద ముద్దను ఎండబెట్టి సూదులు చేసి, తోలు కోసం పశువులకు గుచ్చి చంపే వారని. గింజ పైతొక్క రాయిలాంటిది కాబట్టి నమలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది. కాని దండకో, చేతిగాజుకో గుచ్చడానికి బెజ్జం చేసిన గింజకు ఆ రక్షణ లేదు. సెలవులకు ఊరు వెళ్ళి తిరునాళ్ళలో ఎర్రగా ముచ్చటగా వున్నాయని కొని తెచ్చిన దండలు మన ఇళ్ళలో రెండుచోట్ల చూశాను. పసివాళ్ళున్న ఇంట్లో వాటిని వుంచకండి. పిల్లవాడు గింజ నమిలాడని అనుమానం వస్తే, బాగానే ఆడుకుంటున్నాడు కదా అని ఊరుకోకండి. వాంతులు, రక్త విరేచనాలు కొన్ని గంటల తరువాతగాని, ఒక్కొక్కప్పుడు మరునాటికిగాని మొదలుకావు. గొంతులో వేలు పెట్టి వాంతి చేయించవద్దు. 997కు ఫోను చేసి అంబులెన్సు పిలవండి, లేదా నేరుగా పెద్ద ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకుపోండి. దండలో మిగిలిన గింజలను కవరులో వేసుకుని వెళ్ళండి. అక్కడి డాక్టరుకు గురివింద అంటే తెలియకపోవచ్చు. ఏబ్రస్ అనండి, ఆయనకు తెలుస్తుంది.